ఏడు కిలోల సంచితో రాహేలక్క

మా కిషన్‌బాగ్ గల్లీలో రాహేలక్క ఊరికి బయల్దేరుతోందంటే ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్ల గుమ్మం ముందు ట్రంకుపెట్టె, దాని మీద పరుపుచుట్ట, పక్కన స్టవ్వు, నీళ్ల క్యాను, బియ్యం మూట, తొక్కు జాడీ వరసగా వచ్చి కూర్చునేవి. రెండు రోజులకు మెదక్ చర్చికి పోయినా అంతే. వాళ్లాయన సీమోనన్న యాకుత్‌పురా స్టేషన్‌లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనకు రైల్వే పాసు ఉండేది కాబట్టి ప్రయాణమంటే భయం లేదు గాని, ఆ సామాను మోయడమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. ఒకసారి కాచిగూడలో కూలీ ఆ గుట్టను చూసి, "ఏం భాయ్, ఇల్లు ఖాళీ చేస్తుండ్రా?" అని అడిగాడట. ఆ మాట సీమోనన్న చెప్పుకొని చెప్పుకొని నవ్వేవాడు.

రాహేలక్క కూడా ఊరికే ఇంట్లో కూర్చున్న మనిషి కాదు. టెలిఫోన్ ఆఫీసులో అటెండరుగా చేసింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గొంతు మాత్రం గల్లీ మొదట్లో మాట్లాడితే చివర్న మా బర్రెలు తలెత్తి చూసేంత. రైల్లో ఆమె కూర్చున్న పెట్టెలో ఎవరికీ ఏ లోటూ ఉండేది కాదు. తలనొప్పి వచ్చినవాళ్లకు జండూబామ్, గుండీ ఊడినవాళ్లకు సూదీ దారం, ఆకలైనవాళ్లకు సకినాలు, అన్నీ ఆమె సంచుల్లోంచే వచ్చేవి. ఇవ్వడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కాని ఆమె ఎవరినైనా ఏదైనా అడగడం, కనీసం గ్లాసెడు నీళ్లు అడగడం, పక్కింట్లో ఇన్నేళ్లున్నా నేను చూడలేదు.

పోయినేడు వానాకాలంలో ఆమె చెల్లెలి కూతురు స్రవ్యకు అహ్మదాబాద్‌లో కాన్పయింది. ఇంకా కొన్ని వారాలు టైముందని డాక్టర్లు చెబుతుండగానే ఆడపిల్ల పుట్టేసింది. తల్లి పోదామంటే ఆమె మెట్ల మీద జారిపడి కాలికి కట్టుతో మంచంలో ఉంది. స్రవ్య మొగుడు రాహుల్ అక్కడ ఒక్కడే, చంటిపిల్లను ఎత్తుకోవడానికే భయపడే మనిషి. ఫోనులో అతని గొంతు విని రాహేలక్క అప్పటికప్పుడు పోతానంది. రైలుకు రిజర్వేషన్ దొరకలేదు. మా మరిది బబ్లూకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, టికెట్లు అవీ అతనే చూస్తాడు. మర్నాటి మధ్యాహ్నం విమానానికి ఒక్క సీటు పట్టాడు.

"అక్కా, ఒక్క ముచ్చట. గీ టికెట్‌కు చేతిసంచి ఒక్కటే. ఏడు కిలోలు. గంతకంటె రానియ్యరు," అన్నాడు.

"ఏడు కిలోలా? గా స్టవ్వే ఉంటదిరా ఏడు కిలోలు!"

"ఇమానంల స్టవ్వేంది అక్కా!"

"బాలింత ఇంటికి పోతున్న. ఉత్త చేతులతోని పోతరార ఎవలన్న?"

వేరే బ్యాగుకు డబ్బులు కడదామని సీమోనన్న అన్నాడు. అది ఎంతవుతుందో బబ్లూ చెప్పగానే ఆమెకు కోపమొచ్చింది. "మనిషి కంటె మూటకే ఎక్కువనా? వద్దే వద్దు," అని లేచిపోయింది.

ఆ సాయంత్రం వాళ్లింట్లో జరిగిన లొల్లి ఇంతా అంతా కాదు. మా కొట్టంలో దాణా తూచే స్ప్రింగు కాటాను తెచ్చి దూలానికి వేలాడదీశాను. రాహేలక్క తన నల్ల సంచి నింపి కొక్కేనికి తగిలించింది. ముల్లు గిర్రున తిరిగి కిందికి పోయి ఆగింది. పద్దెనిమిది. సీమోనన్న కుర్చీలోంచి కిందపడేట్టు నవ్వాడు.

"నవ్వకు! ఏం తియ్యమంటవో చెప్పు."

సంచిలోంచి మొదట ఇత్తడి గుండిగ బయటికొచ్చింది. బాలింతకు నీళ్లు కాచడానికట. తర్వాత చిన్న రోలు, రోకలి. "అక్కడ మిక్సీ ఉంటదక్కా," అన్నాను. "మిక్సీల శొంఠి దంచుతరా మహేశ్వరీ?" అని నన్నే కసిరింది. ఆ తర్వాత పసిపిల్లను పడుకోబెట్టే చాట, కారం డబ్బా, బెల్లం ముద్ద, ఒక తాళం, రెండు కొవ్వొత్తులు. కరెంటు పోతే ఎట్లా అని. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా ముల్లు పైకి జరుగుతోంది, ఆమె ముఖం కిందికి జారుతోంది. చివరికి రెండు చీరలు, మెత్తబడిన పాత నూలు చీరల ముక్కలు, బైబిలు, కళ్లజోడు, వాము పొట్లం, శొంఠి పొట్లం మిగిలాయి. కాటా ఏడు దగ్గర ఆగింది. బబ్లూ చప్పట్లు కొట్టాడు.

ఆమె నవ్వలేదు. లోపలికి పోయి మంచం మీద కూర్చుంది. నేను వెనకాలే వెళ్లాను.

"నీకు ఎరుకలేదు మహేశ్వరీ," అంది. "నా బిడ్డ చంకల ఉన్నప్పుడు రైలు వానకు నడిమిట్ల ఆగింది. తెచ్చుకున్న పాలు ఒడిసినయి. పిల్ల ఒకటే ఏడుపు. ఎదురుంగ ఒకామె తాన ప్లాస్కు ఉంటే, ఇన్ని పాలు పొయ్యమ్మా అని అడిగిన. 'పిల్లనెత్తుకొని బయల్దేరేటప్పుడు తెల్వదా?' అన్నది. పోసింది, లేదనను. గానీ గా మాట ఇంక చెవులల్లనే ఉన్నది. గప్పటి సంది ఎవలనీ ఏదీ అడుగలె."

నేను ఆమె చెయ్యి పట్టుకొని పక్కన కూర్చున్నాను. తర్వాత ఆమే లేచి, "పా, అన్నం తిందాం," అంది.

విమానాశ్రయం సంగతులన్నీ తర్వాత ఆమె నోటితోనే విన్నాం. కౌంటర్ల దగ్గర జనం నేల మీద కూర్చొని సూట్‌కేసులు విప్పుకొని, ఇందులోది అందులోకి, అందులోది ఇందులోకి మారుస్తున్నారట. ఒకావిడ భర్తతో పెద్దగా గొడవ పెట్టుకుంది. రాహేలక్క సంచి భుజానికేసుకొని వాళ్ల పక్కనుంచి నడిచిపోయింది. "గా ముచ్చట చూస్తుంటే నాకే నవ్వొచ్చింది. గన్నేండ్లు నేను గట్లనే ఉంటి గదా!" అనేది. విమానంలో కిటికీ పక్క సీటు. సంచి కాళ్ల దగ్గర పెట్టుకొని మబ్బులు చూస్తూ కూర్చుంది. ఎవరైనా ఏదైనా ఎత్తుకుపోతారేమోనని మాటిమాటికీ లేచి చూసే పని లేదు. కన్ను కూడా అంటుకుందట. ప్రయాణంలో ఆమె నిద్రపోవడం అదే మొదలు.

దిగాక అందరూ సామాను కోసం నిలబడితే ఆమె నేరుగా బయటికి వచ్చేసింది. రాహుల్ పెద్ద జీపు మాట్లాడుకొని వచ్చాడు. ఆమె వెనకాల ఎవరైనా ట్రాలీ తోసుకొస్తున్నారేమోనని మెడ చాచి చూస్తున్నాడు.

"అత్తమ్మా, సామానేది?"

"నేనే బిడ్డా సామాను. నడువు."

ఇంటికి పోయి పిల్లను చూసింది, స్రవ్యను చూసింది, వంటగది చూసింది. వంటగదిలో నూడుల్స్ పొట్లాలు, ఒక కుక్కరు, రెండు ప్లేట్లు. బాలింతకు నీళ్లు కాచేంత గిన్నె ఒక్కటీ లేదు. రాహుల్‌ను మందులకు పంపించి, ఆమె ఎదురింటి తలుపు ముందుకు పోయి నిలబడింది. కొట్టడానికి చెయ్యి లేవలేదు. వెనక్కి తిరిగింది. లోపల పసిపిల్ల ఏడ్చింది. మళ్లీ తిరిగి తలుపు కొట్టింది.

తలుపు తీసినావిడ రమీలాబెన్. లావుపాటి మనిషి, చేతులకు పిండి అంటుకొని ఉంది. రాహేలక్క తనకు వచ్చిన మన పాతబస్తీ హిందీలో, "బహెన్, బడా దేగ్చా హోనా," అంది. పెద్ద గిన్నె కావాలని; మన హిందీలో 'హోనా' అంటే కావాలి, వాళ్ల హిందీలో అవడం. ఆవిడకు ఆ 'హోనా' ఎలా వినబడిందో, "క్యా హువా? కిస్కో క్యా హువా?" అంటూ, ఎవరికో ఏదో అయిపోయిందని, పిండి చేతులతోనే చెప్పుల్లేకుండా స్రవ్య గదిలోకి పరుగెత్తింది. స్రవ్య ఉలిక్కిపడింది. రాహేలక్క వెనకాలే వచ్చి చేతులతో ఇంత పెద్ద గిన్నె, నీళ్లు, పొయ్యి, స్నానం అని చూపించింది. అర్థమయ్యాక రమీలాబెన్ అక్కడే మంచం పట్టుకొని ఒళ్లంతా కదిలేలా నవ్వింది. కుట్లు నొప్పి పెడుతున్నా స్రవ్య కూడా నవ్వింది.

ఆ గిన్నె వచ్చింది. గిన్నెతో పాటు శొంఠీ బెల్లం వేసి నేతిలో చేసిన ఉండలు వచ్చాయి, పిల్లకు ఉయ్యాల వచ్చింది, పై అంతస్తు నుంచి కుంపటి వచ్చింది. "ఇన్ని దినాలు ఎందుకు అడగలేదు?" అని రమీలాబెన్ రాహుల్‌నే కోప్పడింది. రాహేలక్క ఆ వంటగదిలో పచ్చిపులుసు చేసి గిన్నెలు ఖాళీగా పంపకుండా వాటిలో పోసి పంపేది. పప్పులో కూడా బెల్లం వేసుకొనే ఆ అంతస్తు వాళ్లకు, తీపి లేని ఆ పులుసు ఘాటుకు మొదట కళ్లనీళ్లు వచ్చాయట, తర్వాత అలవాటైపోయిందట. సాయంత్రాలు ఆడవాళ్లంతా స్రవ్య గదిలోనే చేరేవారు. అందరి ముందు కూర్చొని రాహేలక్క నాకు వీడియో కాల్ చేసి, "మహేశ్వరీ, ఈల్ల మాట నాకు తెల్వది, నా మాట ఈల్లకు తెల్వది, మస్తు ముచ్చట్లు చెప్పుకుంటున్నం!" అని అరిచేది.

నెలన్నరకు స్రవ్య తేరుకుంది. కాలి కట్టు విప్పుకొని వాళ్లమ్మ వచ్చింది. రాహేలక్క అదే నల్ల సంచితో తిరిగొచ్చింది. సీమోనన్న గల్లీ మొదట్లోనే ఎదురుపోయి సంచి అందుకున్నాడు. ఒక చేత్తో ఎత్తి చూసి, "గింతేనా?" అన్నాడు.

చలికాలంలో రమీలాబెన్, సికింద్రాబాద్‌లో ఉన్న తన పిన్నిని చూడటానికి వచ్చింది. మొదట మా గల్లీకే వచ్చి ఆగింది. మూడు పెద్ద సూట్‌కేసులు, రెండు డబ్బాలు, కట్టలు కట్టిన రొట్టెలు. ఆటోవాడు మోయలేక మోయలేక దించుతుంటే బబ్లూ, నేను చెరో చెయ్యి వేశాం. "కొంచెమే తెచ్చాను," అని ఆవిడ హిందీలో అంటుంటే సీమోనన్న లోపలికి పోయి తలుపు వెనక నవ్వుకున్నాడు.

మర్నాడు వాళ్లిద్దరూ నేనూ కలిసి లాడ్ బజార్ పోయాం. రమీలాబెన్ ప్రతి దుకాణం ముందూ ఆగింది. స్రవ్య కూతురికి గాజులు కొనాలని ఇద్దరూ పట్టుబట్టారు. అంత చిన్న సైజు వెతకడానికి దుకాణం అతను పై అరలన్నీ దింపాడు. రాహేలక్క ఆకుపచ్చవి బాగున్నాయంది, రమీలాబెన్ ఎర్రవే కావాలంది. ఒకరిది ఒకరు తీసేస్తూ చాలాసేపు వాదించుకున్నారు, ఎవరి భాషలో వాళ్లు. ఆఖరికి అతనే విసుగెత్తి ఎర్రవీ పచ్చవీ కలిపి ఒకే దారానికి గుచ్చి చేతిలో పెట్టాడు. వాటిని చూసి ఇద్దరూ ఒక్కసారే, ఇవే బాగున్నాయన్నారు.