ఎండ తినే బొమ్మ

వేసవి వచ్చిందంటేనే సైరాగుల్‌కి ఒళ్ళు బరువెక్కుతుంది. బొగ్గుగనుల ఊరు సుల్యుక్తలో నల్ల మల్బరీ పండ్లు ఉండేదే కాసిన్ని రోజులు. అవి రాలిపోకముందే కోయాలి, నలపాలి, గుడ్డలో వడగట్టాలి. ఆ రసాన్ని చీకటి గదిలో కాగితానికి పట్టించి ఆరబెట్టాలి. దానిమీద ఫొటో ఉన్న ఫిల్మూ, ఆపైన అద్దమూ బిగించి ఇంటికప్పు మీద ఎండకి పెట్టాలి. ఎండ తగిలినచోట రంగు వెలిసిపోతుంది, నీడ పడినచోట నిలుస్తుంది. అలా రోజుల తరబడి కాస్తే ఊదారంగులో మనిషి మొహం తేలుతుంది. మధ్యలో గాలిదుమారం లేచిందా, నిచ్చెనెక్కి అన్నీ దింపుకోవాలి. నడుమేమన్నా ఇనుపదా!

ఇంతా చేస్తే, తయారయ్యాక ఆ బొమ్మకి వెలుతురంటేనే పడదు. పెట్టెలో దాచుకుని, చూడాలనిపించినప్పుడు తీసి చూసుకోవాలి. ఈ మాట ఊరందరి తలకీ ఎక్కింది, అందరూ అపా, అంటే అమ్మా, అని పిలిచే బుబుసారా ముసలమ్మకి ఒక్కదానికి తప్ప. పోయిన భర్త బొమ్మ ఏటా చేయించుకుపోతుంది, మరుసటేడు ఉత్త కాగితం పట్టుకొస్తుంది.

ఈ ఏడూ వచ్చింది. కాగితం చూసి సైరాగుల్‌కి ఏడుపొక్కటే తక్కువ.

“మళ్ళీ కిటికీకి ఎదురుగా తగిలించావా అపా?”

“తగిలించా. అయితే ఏంటంట?”

“నావల్ల కాదు తల్లీ. ఇక చెయ్యను. స్టూడియోకెళ్ళి మామూలు ఫొటో వేయించుకో, ఎండలోనే పెట్టుకో.”

“వేయించాన్లే, అదీ చూశా. నలుపూ తెలుపూ ఫొటో, మొహమంతా మసి పూసినట్టే. గనిలోంచి వచ్చినప్పుడు అచ్చం అలాగే ఉండేవాడు. పెళ్ళైన నాటినుంచీ ఆ బొగ్గుమసి తోమీ తోమీ నా చేతులు అరిగాయి. గోడమీద కూడా అదే చూడాలా?”

“అయితే నేను చేసిందే పెట్టెలో దాచుకో. అదేం పెద్ద పనా?”

ముసలమ్మ గయ్యిమంది. “పెట్టెలోనా! తెల్లారకుండా దిగేవాడు, పొద్దుగూకాక పైకొచ్చేవాడు. ఎండ మొహం చూస్తే ఆదివారమే. చివరికి ఆ చీకట్లోనే కూరుకుపోయాడు, శవం కూడా దక్కలేదు. ఇప్పుడు నా చేతుల్తో నేనే పెట్టెలో వేసి మూత పెట్టాలా? చెప్పవే!”

సైరాగుల్ గిన్నెలో మిగిలిన పండ్లు దగ్గరికి లాక్కుని నలపడం మొదలుపెట్టింది.

బొమ్మ తేలాక తనే ముసలమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. మేకు చూసి కిటికీకి ఎదురుగా తగిలించి, పరదా పూర్తిగా పక్కకి లాగింది. ఎండ సూటిగా ఆయన మొహం మీద పడింది.