కదలదనుకున్న గోడ

నది ఒడ్డున మూడు కాళ్ల మీద యంత్రాన్ని నిలబెట్టి, లేజర్ కాంతితో గట్ల ఆకారం కొలవడం చెల్లెలి ఉద్యోగం. యంత్రం తన చుట్టూ తానే తిరుగుతూ, కాంతి తగిలిన చోటల్లా కంప్యూటరు పటంలో ఒక చుక్క పెడుతుంది. నిరుటి చుక్కల మీద ఈ ఏటి చుక్కలు పరిస్తే నది ఎక్కడ కోసిందో, ఎక్కడ మేట వేసిందో తెలుస్తుంది. రెండూ సరిగ్గా కూర్చోవాలంటే కదలని గుర్తులు కావాలి. ఆమె వాటిని నిరుడే ఒడ్డు వీధిలో అక్క ఇంటి గోడకూ, ఆ వరసలోనే మరో రెండు గోడలకూ బిగించింది. అక్క ఇంటికన్నా నమ్మకమైన గోడ ఆమెకు తెలియదు.

గుర్తుగా బిగించిన నలుపు తెలుపు గళ్ల పలకను చూసి అప్పుడు అక్క నవ్వింది.

"చదరంగం బల్ల తగిలించావు సరే, ఆడేదెవరే? మీ బావకి పేకముక్కలు పట్టుకోవడమే రాదు. అది సరేగానీ, ఈ తలుపు పట్టేస్తోంది చూడు."

"వానకి చెక్క ఉబ్బిందిలే అక్కా."

ఎగువన ఒక కంపెనీ ఇసుక తవ్వుతోంది. దానివల్ల ఈ గట్టుకు ముప్పు లేదని నిరుడు నివేదిక వెళ్లింది. కింద సంతకం చెల్లెలిది.

ఈ ఏడు చుక్కలు పరిచేసరికి, అవతలి ఒడ్డున ఉన్న కొండబండ బెత్తెడు ముందుకొచ్చినట్టు కనిపించింది.

"బండకి కాళ్లొచ్చాయా?" అన్నాడు ఆఫీసులో ఆమె పై ఇంజినీరు. "యంత్రాన్ని రిపేరుకి పంపండి. ఈలోగా నిరుటి మాటే రాసేయండి."

ఆమె రాయలేదు. బండనే కదలని గుర్తుగా పెట్టి లెక్క తిరగేసింది. అక్క ఇల్లు, పక్కిళ్లు, వీధికి వీధే నదివైపు జారాయి. ఎగువ నుంచి రావలసిన ఇసుక లారీలెక్కిపోతే, నది ఇక్కడి అడుగునే కోసుకుంటోంది. లాభం కంపెనీది, జారుడు వీధిది. ఇలాంటి పంపకానికే కాగితాల మీద అభివృద్ధి అని పేరు.

సాయంత్రం స్పానరు తీసుకుని వెళ్లింది. తలుపును భుజంతో నెట్టాల్సి వచ్చింది.

"పలక విప్పుతున్నావేం?"

"ఇల్లు కదిలిందక్కా. ఇది బండమీద ఉండాల్సింది."

అక్క ఒక్క క్షణం తలుపుకేసి చూసింది. "నేను మొత్తుకుంటూనే ఉన్నాను. వానన్నావు కదే!"

"అన్నాను. నివేదికా అదే ధీమాతో రాశాను. తప్పని రేపు రాసిస్తా."

"నువ్వొక్కదానివే రాస్తే నీ ఉద్యోగం ఊడుతుంది, అంతే." అక్క చెప్పులేసుకుంది. "పద, వీధిలో ఎవరెవరి తలుపులు పట్టేస్తున్నాయో అడిగి, అందరం కలిసే మీ ఆఫీసుకి వెళ్దాం. పక్కింటావిడ కిటికీ గడియ పడట్లేదని రోజూ మొగుణ్ణి తిడుతోంది. పాపం, ఆయన తప్పేం లేదన్నమాట!"

ముందు ఆ ఇంటి తలుపే కొట్టారు. అది తెరుచుకోవడానికి లోపలినుంచి ఇద్దరు లాగాల్సి వచ్చింది.