మూట రాని మూడు రోజులు

మా ఆయన ఇరవై రెండేళ్ళు ఓడలో పనిచేశారు కానీ సముద్రాన్ని చూసింది తక్కువ. ఆయన పని లాండ్రీలో. అది ఓడ అడుగున, నీటిమట్టానికి కింద ఉండే అంతస్తు. అక్కడ కిటికీలు ఉండవు. పైన ఏడువందల మంది ప్రయాణికులు పడుకుని లేచిన దుప్పట్లు, తుడుచుకున్న తువ్వాళ్ళు, భోజనాల బల్లల మీద పరిచిన గుడ్డలు అన్నీ మూటలు మూటలుగా కిందికి దిగేవి. వాటిని ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ పైకి పంపాలి. ఎప్పుడు చూసినా ఆవిరిలోనే ఉంటారని ఓడలో అందరూ ఆయన్ని "ఆవిరి" అని పిలిచేవారు. పెళ్ళయిన కొత్తలో ఆ పేరు విని నాకు ఒళ్ళు మండింది.

"మనిషికి అదేం పేరండీ?" అన్నాను.

"నయం, పొగ అనలేదు" అన్నారు.

సముద్రం ఎలా ఉందో ఆయనకు గుడ్డలు చెప్పేవి. బల్లగుడ్డలు తడితడిగా వచ్చాయంటే పైన అలలు లేచాయన్నమాట. ఓడ ఊగేటప్పుడు పళ్ళేలు జారిపోకుండా వడ్డించేవాళ్ళు ముందే బల్లగుడ్డల మీద నీళ్ళు చల్లుతారు. ఎండ బాగా కాస్తే డెక్కు మీద పరుచుకునే పెద్ద తువ్వాళ్ళు గుట్టలుగా వచ్చిపడేవి. ముసురు పడితే ఒక్కటీ వచ్చేది కాదు. "చూడకపోతేనేం? మూట విప్పితే చాలు, పైన ఏం జరుగుతోందో తెలిసిపోతుంది" అనేవారు.

తొలిసారి ఓడెక్కినవాళ్ళ మూటను చూడగానే పోల్చేవారు. వాళ్ళ మాసిన దుప్పట్లు చక్కగా మడతపెట్టి ఉండేవట. ఉతుక్కి వేసే దుప్పటిని ఎవరైనా మడతపెడతారా? ఎవరో వచ్చి తమ పక్క ఎత్తుతారంటే ఆ కొత్తవాళ్ళకు మొహమాటం. అలాంటి మూట దొరికితే ఆయన ఆ దుప్పటికి ఇంకో రెండుసార్లు ఇస్త్రీ తిప్పి పంపేవారట.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. దండెం మీంచి తీసిన బట్టలు నలిగినవి నలిగినట్టే వేసుకుని తిరుగుతున్నాను. ఎదురింటావిడ చూసి తల పక్కకు తిప్పుకుంటుంది. మంచిదే ఆవిడ. ఏమనాలో తెలియక అలా చేస్తుంది.

ఒకరోజు పొద్దున మా అమ్మాయి ఫోన్లో ఏదో చదువుతూ, "అమ్మా, నాన్న ఓడ మన రేవుకే వచ్చింది" అంది. పాతబడిపోయిందని ఆ తెల్ల ఓడను ఎప్పుడో పక్కన పెట్టేశారు. ఇప్పుడు ఎవరో కొని, రేవులో కట్టేసి, హోటలుగా మారుస్తున్నారట. తమ తొలి ప్రయాణం ఆ ఓడ మీద చేసినవాళ్ళు శనివారం వచ్చి చూసుకోవచ్చట. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాతి వాక్యం దగ్గర దాని గొంతు తగ్గింది. కింది అంతస్తుల్లోని పాత యంత్రాలన్నీ వచ్చే నెల కోసి తీసేసి, అక్కడ నీళ్ళ ట్యాంకులు పెడతారట.

ఆయన లాండ్రీ గది ఉన్నది అక్కడే. ఆ గదిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. సిబ్బంది తప్ప ఇంకెవరూ కిందికి దిగకూడదని ఓడలో రూలు. భార్యలైనా సరే. ఇరవై రెండేళ్ళ ఆయన బతుకంతా ఆ గదిలోనే గడిచింది. నెల తిరిగితే అది ఉండదు.

"నేను ఆ లాండ్రీ గది చూడాలే" అన్నాను.

"పై అంతస్తులే చూపిస్తారటమ్మా. హాలు, భోజనాల గది, డెక్కు. కింద చూడ్డానికి ఏముంది?"

"మీ నాన్న ఉన్నారు కదే."

"సరే వెళ్దాం. అక్కడ మాట్లాడేది నేను. నువ్వైతే నీళ్ళు నములుతూ నిలబడతావు" అంది. నోట్లో నాలుక లేనిదానినని మా ఇంట్లో నాకు పేరు.

శనివారం వెళ్ళాం. ఓడ తెల్లగానే ఉంది కానీ అంచుల్లో తుప్పు కారిన చారలు. ఎక్కే మెట్ల దగ్గర ఒక అమ్మాయి అందరికీ తలో అట్టముక్క ఇస్తోంది. "మీ తొలి ప్రయాణం గురించి నాలుగు మాటలు" అని దాని మీద ఉంది. డెక్కు మీద అంతా తల నెరిసినవాళ్ళే. ఒక పెద్దాయన రెయిలింగు పట్టుకుని అందరికీ చెబుతున్నాడు.

"సరిగ్గా ఇక్కడే, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని ఈవిణ్ణి అడిగాను."

"అడిగి నా చెప్పుల మీద కక్కారు. అదీ చెప్పండి" అంది ఆయన భార్య.

"అయినా ఒప్పుకుంది చూశారా!"

"జాలిపడ్డాను."

మా అమ్మాయి మేనేజరును వెతికి పట్టుకుంది. ముప్పై ఏళ్ళావిడ, నడుముకు తాళాల గుత్తి. మర్యాదగానే మాట్లాడింది కానీ పట్టు విడవలేదు.

"కింద లైట్లు లేవండీ. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. ఎవరైనా పడితే నా ఉద్యోగం పోతుంది. కావాలంటే నాట్యాల హాలు ఇంకోసారి చూపిస్తాను."

"మాకు నాట్యాల హాలెందుకండీ..." అని మా అమ్మాయి అందుకునేలోపు నేను దాని చెయ్యి పట్టుకుని లాగాను. అడగటం అయింది, కాదనడం అయింది. పరాయివాళ్ళ చోట గొడవెందుకు? మెట్ల వైపు తిరిగాను.

"ఆగండాగండి! రెండువందల పద్నాలుగు!"

వెనక నుంచి ఒక గొంతు. తువ్వాళ్ళను బాతుల్లా, కుందేళ్ళలా మడిచి బల్ల మీద పేరుస్తున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. మా ఆయన రోజుల్లో ఓడ గదులు సర్దిన మనిషే. మడతలన్నయ్య అనేవాళ్ళం.

"చెల్లెమ్మా, నువ్వేనా! ఆవిరి పోయాడని తెలిసింది. రాలేకపోయాను, మోకాళ్ళు..." అని ఆగిపోయి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత మేనేజరు వైపు తిరిగాడు. "ఈవిడెవరో తెలుసా అమ్మా? ఈ ఓడ రెయిలింగు మీద తువ్వాళ్ళు ఆరేసిన మహాతల్లి!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "ఏంటది? చెప్పండి, చెప్పండి" అని మూగారు. నాకు చెమటలు పట్టాయి. "నువ్వు చెప్పు అన్నయ్యా" అంటే, "చేసింది నువ్వు, చెప్పేది నేనా?" అన్నాడు.

తప్పక మొదలుపెట్టాను.

పెళ్ళయిన రెండో ఏడు. సిబ్బంది ఇంటివాళ్ళకు ఒకసారి ఉచితంగా ప్రయాణం ఇస్తారు. ఐదు రోజులు. ఆయన నన్ను రెండువందల పద్నాలుగో గది గుమ్మందాకా తీసుకొచ్చి, "నేను పైకి రాకూడదు, నువ్వు కిందికి రాకూడదు. ఐదో రోజు రేవులో కలుద్దాం" అని దిగిపోయారు. మొగుడితో ఓడ ప్రయాణమని ఊరంతా చెప్పుకుని వచ్చాను. తీరా చూస్తే మొగుడు నా కాళ్ళకింద ఎక్కడో ఉన్నాడు.

ఆ గది ఎంత బాగుందో! గుండ్రటి కిటికీ నిండా నీళ్ళు. తెల్లటి పక్క. రెండు దిండ్లు, నాలుగు తువ్వాళ్ళు. ఒక్కదానికి నాలుగా? సాయంత్రం మడతలన్నయ్య తలుపు తట్టి, "మార్చాల్సినవి ఇవ్వమ్మా" అన్నాడు. "ఏమీ లేవండీ, శుభ్రంగా ఉన్నాయి" అనేశాను. ఏడువందల మంది బట్టలు ఆయన ఉతుకుతున్నారు. నావి కూడా ఆయన నెత్తిన పడెయ్యాలా? తువ్వాళ్ళు, దిండు గలీబులు, ఆఖరికి దుప్పటి కూడా స్నానాల గదిలో నేనే ఉతికేసుకున్నాను. రెండు రోజులు గదిలోనే ఆరేశాను. చెమ్మ వాసన వచ్చింది. మూడో రోజు ఎండ కాసింది. ఇంకేం, అన్నీ తీసుకెళ్ళి డెక్కు మీద రెయిలింగుకి వరసగా ఆరేశాను. ఎగిరిపోకుండా కొసలు ముడేశాను కూడా.

"పెద్ద ఆఫీసరు చూశాడు!" అని మడతలన్నయ్య అందుకున్నాడు. "ఇది విహార నౌకా, చాకిరేవా అని నన్ను అక్కడే ఉతికి ఆరేశాడు!"

నవ్వులు ఆగాక మిగతాది చెప్పాను. మడతలన్నయ్య వచ్చి ఎందుకమ్మా ఇలా చేశావని అడిగాడు. ఆయనకు నా చాకిరీ అయినా తగ్గుతుందని అన్నాను. ఆ మాటకు ఈయన కుర్చీలో కూలబడి, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "అక్కడ వాడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు తల్లీ! రెండువందల పద్నాలుగో గది మూట విడిగా పంపమని నా ప్రాణం తీస్తున్నాడు. నీ దుప్పటి తన చేత్తో ఇస్త్రీ చేసి పంపాలట. మూడు రోజులైంది, మూట లేదు. ఒంట్లో బాగాలేదా, అలిగిందా అని మెట్ల దగ్గరే కాపలా కాస్తున్నాడు" అన్నాడు.

నాలుగో రోజు మూట కట్టి ఇచ్చాను. గంటలో తిరిగొచ్చింది. చీటీ లేదు, ఏమీ లేదు. దుప్పటి మాత్రం వేడిగా ఉంది. ఆ వేడి చల్లారకముందే మిట్టమధ్యాహ్నం కప్పుకుని పడుకున్నాను.

చెప్పటం అయిపోయింది. చెప్పుల మీద కక్కించుకున్నావిడ నా భుజం మీద చెయ్యి వేసింది.

మేనేజరు తాళాల గుత్తి అటూ ఇటూ తిప్పింది. "రెండే నిమిషాలు. కడ్డీ వదలకూడదు. నా వెనకే రండి" అంది.

నాలుగు వరసల మెట్లు దిగాం. పైన నున్నటి చెక్క గోడలు. కిందికి వెళ్ళేకొద్దీ చెక్క పోయి ఆకుపచ్చ రంగేసిన ఇనుము, తలకు తగిలేంత కిందుగా గొట్టాలు. తలుపు తెరవగానే సబ్బు వాసన. ఇన్నేళ్ళ తర్వాత కూడా.

నేను ఏడుస్తానని మా అమ్మాయి నా నడుం పట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. గదిలో ఉన్న ప్రతిదీ నాకు తెలుసు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆయన ఎన్నిసార్లు చెప్పారో, అన్నీ చెప్పిన చోటే ఉన్నాయి. ఫోను వెలుగులో ఒక్కొక్కటే చూపించాను. ఇది దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు, దీనికి ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు అందిస్తే ఒకరు అందుకుంటారు. ఇవి ఉతికే పీపాలు, మూడోది మొండిది, తలుపు మీద మోకాలితో తన్నితేగానీ మూసుకోదు. ఒకటే నాకు కొత్త. రోలరు నుంచి తలుపుదాకా అడ్డంగా ఒక లావు గొట్టం. ఆయన పొడగరి. రోజుకు ఎన్నిసార్లు దాని కింద తల వంచి ఉంటారో! మా ఇంటి గుమ్మం ఎత్తుగానే ఉంటుంది. అయినా ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆయన తల వంచే వచ్చేవారు. ఆయనది వినయమని మా అత్తగారు మురిసిపోయేది. నేనూ నమ్మాను. ఆ గొట్టం మీద చెయ్యి వేసి, "ఇదా సంగతి!" అని నవ్వేశాను.

"ఆ గోడలో కన్నం ఏంటమ్మా?" అని ఎవరో అడిగారు. తిరిగి చూద్దును కదా, పైనున్న వాళ్ళలో పదిమంది మా వెనకే దిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. మేనేజరు తల పట్టుకుంది.

"మూటలు జారే దారి" అన్నాను.

"అయితే ఆ రోజు మా దుప్పట్లు కూడా ఇక్కడికే వచ్చుంటాయి" అన్నాడు పెళ్ళి అడిగిన పెద్దాయన.

"వచ్చే ఉంటాయి. పాపం ఈవిడ భర్త ఎంత బాధపడ్డాడో" అంది భార్య.

రెండు నిమిషాలన్నది అరగంట అయింది. పైకి వచ్చాక మేనేజరు నాకు నీళ్ళ గ్లాసు అందిస్తూ, "వచ్చినవాళ్ళంతా నాట్యాల గురించే రాస్తున్నారు. కింద ఇంత ఉందని మాకెవరూ చెప్పలేదు" అంది. కాస్త ఆలోచించి, "ట్యాంకులు ఇంజను గదిలోనూ పట్టొచ్చు. పైవాళ్ళను అడిగి చూస్తాను. మాట ఇవ్వలేను" అంది.

"నేను చూశాను తల్లీ. నాకది చాలు" అన్నాను. నిజంగానే అన్నాను.

మూడు వారాలకు మేనేజరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. లాండ్రీ గదిని కదపటం లేదట. లైట్లు వేశారట, మెట్లకు కొత్త కడ్డీలు పెట్టారట. శనివారం మధ్యాహ్నాలు వచ్చి, చూడవచ్చినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పగలరా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపు మా అమ్మాయి ఫోను లాక్కుని "వస్తుంది" అంది.

మొన్న శనివారం ముందుగానే వెళ్ళి, చీపురూ తడిబట్టా పట్టి ఆ గది నేనే శుభ్రం చేసుకున్నాను. మొదటి జట్టులో తొమ్మిది మంది. తడి బల్లగుడ్డల సంగతి చెబితే ఒకావిడ, "మేము అంతసేపు అలలు చూస్తూ కూర్చున్నాం, కింద ఒక మనిషి ఉన్నాడనుకోలేదు" అంది. మూడో పీపా తలుపును మోకాలితో తన్ని చూపించాను. మూసుకుంది.

వచ్చే వారానికి ఇరవై మంది పేర్లు రాయించుకున్నారట. గదిలో పట్టేది పదిమందే. రెండు విడతలుగా చెప్పాలి. అంతసేపు మాట్లాడితే గొంతు పోతుందేమోనని మా అమ్మాయి బెంగ.

"ఇన్నేళ్ళూ వాడకుండా దాచిన గొంతే, దానికేం కాదులే" అన్నాను.