సాక్ష్యంలో లేని కాగితం

ప్రసన్నకుమారి తన గురించి రాసుకొచ్చిన రెండు పేజీలూ చదివి, ప్లీడరు మురళీమోహన్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“సాక్ష్యం బాగానే ఉందమ్మా. మీ చర్చిలో చదివితే ఆమెన్ అంటారు. సీటిచ్చేవాళ్ళు అనరు.”

“ఆయ్,” అంది ప్రసన్న.

అమలాపురంలో ఆయన ఆఫీసులో ఆమె రెండేళ్ళుగా టైపు చేస్తోంది. బెంగళూరులో ఒక లా కాలేజీ రాత పరీక్ష పాసైంది. న్యాయశాస్త్రం ఎందుకు చదవాలనుకుంటున్నదీ ఐదువందల మాటలకు మించకుండా ఇంగ్లీషులో రాసి పంపాలి. అది నచ్చితేనే సీటు. ఆ సాయంత్రం ఐదింటితో గడువు సరి.

ఆమె తనకు అలవాటైన పద్ధతిలోనే రాసింది. తండ్రి ప్రకాశరావు కువైట్‌లో కడుతున్న బిల్డింగు మీంచి పడి చనిపోయి ఏడేళ్ళు. ఏటా ఆ తారీఖున ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ప్రసన్న లేచి సాక్ష్యం చెబుతుంది: నాన్న పోవడం, శవం రావడానికి నలభై ఒక్క రోజులు పట్టడం, ప్రార్థనలు, సాయం చేసినవారికి వందనాలు, దేవునికి స్తోత్రం. మొదటి ఏడాది ఏడ్చింది. రెండో ఏటికి ఎక్కడ ఏడవాలో తెలిసింది. ఇప్పుడు సాక్ష్యం చెబుతూనే వెనక బిర్యానీ మాడుతోందేమో కనిపెట్టగలదు.

“ఇందులో పాస్టరు గారున్నారు, మీ బాబాయున్నాడు, అంబులెన్సు డ్రైవరు కూడా ఉన్నాడు. నువ్వెక్కడున్నావమ్మా? ఆ నలభై ఒక్క రోజులూ ఏం చేసేవు?”

“ఏం చెయ్యలేదండి. వచ్చిన కాగితాలు చదివి అమ్మకి చెప్పేదాన్ని.”

“ఏం కాగితాలు?”

ప్రసన్న కీబోర్డు వైపు చూసింది.

“కంపెనీవాళ్ళు ఒకటి పంపేరండి. ఇంగ్లీషులో. నేనప్పుడు టెన్తు. సగం అర్థం కాలేదు. సంతకం పెడితే నాన్నని పంపుతారంట అని చెప్పేను. అమ్మ పెట్టేసింది. మాకింక రావాల్సిందేం లేదు, కేసు వెయ్యం అని ఉందండి అందులో. ఇక్కడ అలాంటివి టైపు చేస్తుంటే తెలిసింది.”

ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

“మీ అమ్మకి తెలుసా?”

“తెలీదండి.”

“రాస్తే అది రాయి. లేదంటే ఇదే పంపు. నీ ఇష్టం.”

రాయడం పెద్ద పని కాదు. కానీ ప్రసన్న ఏ సాక్ష్యం రాసినా ముందుగా తల్లికి చదివి వినిపించాలి, అది ఆ ఇంటి ఆనవాయితీ. అంబాజీపేట బస్సులో కూర్చుని ఫోనులో మొదటినుంచీ మళ్ళీ రాసింది. దిగేసరికి అయిపోయింది.

తల్లి సత్యవతి అరుగు మీద చీపుళ్ళకి కొబ్బరి ఈనెలు చీరుతోంది.

“చదవ్వే,” అంది.

ప్రసన్న ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. కాగితం సంగతి దగ్గర గొంతు మారుతుందనుకుంది. మారలేదు. సత్యవతి చేతిలో కత్తీ ఆగలేదు.

“ఆ కాగితం సంగతి మీ బాబాయి చెప్పేడులే. ఆ ఏడు క్రిస్మస్‌కే.”

“మరి నన్నేం అనలేదేం?”

“అని ఏం చెయ్యను? నువ్వు పరీక్షలకి చదువుకుంటున్నావు.” ఇంకో ఆకు తీసుకుంది. “పాస్టరు గారి పేరు తీసేసేవా?”

“తీసేసేను.”

“మీ బాబాయిదీ?”

“అదీ తీసేసేను.”

“ఆళ్ళకి చెప్పకు మరి. నొచ్చుకుంటారు.”

నాలుగూ నలభైకి ప్రసన్న దాన్ని పంపేసింది. అందినట్టు ఫోనులో మెసేజ్ వచ్చింది. ఏడుపో, తేలికో, ఏదో ఒకటి వస్తుందని కాసేపు చూసింది. వీధిలో కొబ్బరికాయల లారీ వెళ్ళింది.

“వచ్చే నెల కూడికలో కూడా ఇదే చెప్తావేంటి?” అంది సత్యవతి.

“తెలీదమ్మా.”

“చెప్పేటట్టయితే ముందు చెప్పు. నేను వెనక వంట దగ్గరుంటాను.”

ప్రసన్న ఇంకో కత్తి తెచ్చుకుని ఒక ఆకు అందుకుంది.