జైలు నుంచి వీసా ఆఫీసుకు

ఆ రోజుల్లో నా ప్రాణమంతా టెర్మిన్లలోనే, అంటే ఆఫీసువాళ్లిచ్చే అపాయింట్‌మెంట్లలోనే ఉండేది. జర్మనీలోని కాట్‌బస్‌లో పాత కట్టడాల గురించి మాస్టర్స్ చదువుతున్నాను. వీసా పొడిగింపు కోసం రెండు నెలలు ఎదురుచూస్తే, విదేశీయుల ఆఫీసువాళ్లు ఒకరోజు మధ్యాహ్నం రెండు గంటలకు రమ్మన్నారు. బుద్ధిమంతుడైతే ఆ పొద్దున ఇల్లు కదిలేవాడు కాదు. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పక్క ఊళ్లోని పాత జమీందారీ న్యాయస్థానం కొలతలు తీయడానికి పోయాను (మర్నాడే నక్షా ఇవ్వాలి మరి).

ఆ భవనానికి కింద రెండు మూరల మందాన రాతిగోడలు, పైన కర్ర చట్రాల మధ్య మట్టి మెత్తిన అంతస్తు. పైన కూర్చుని జమీందారు తీర్పులు చెప్పేవాడట. ఫిర్యాదూ ఆయనదే, న్యాయమూ ఆయనదే. ఆ న్యాయం అనుభవించేవాళ్లకు కింద ఒక చీకటి కొట్టు. నేను అందులో టేపు పట్టుకుని ఉండగా గాలికి తలుపు ధడాలున మూసుకుంది. ఇనుప కడియం పట్టుకుని లాగాను. గోడకు కాలు తన్నిపెట్టి మరీ లాగాను. సున్నం రాలి చొక్కా మీద పడిందే గాని తలుపు కదల్లేదు. పన్నెండు దాటింది. తాళాలు చూసుకునే మామ్మ భోజనానికి ఇంటికి వెళ్లింది. కిటికీ దగ్గర సిగ్నల్ దొరికితే మా రూమ్మేటుకు (వరంగల్ వాడు) ఫోన్ చేశాను.

"ఏడున్నవ్ రా?"

"జైల్లో."

"టెర్మిన్ ఉన్న రోజే దొరికిందా నీకు? ఏం జేసినవ్?"

సంగతి చెప్పాను. "తలుపు మాత్రం ఇరగ్గొట్టకు, వీసా పోతది," అని ఊరడించాడు.

ఒంటిగంటకు మామ్మ వచ్చి, ఒంటిచేత్తో తలుపు తన వైపు లాగింది. అది తెరుచుకుంది.

"తొయ్యలేదా బాబూ? జైలు తలుపు బయటికే తెరుచుకుంటుంది. లోపలికైతే ఖైదీ బల్ల అడ్డం పెట్టుకుని కూర్చోడూ?"

అంతకు ముందే నా నక్షాలో ఆ తలుపును బయటికి తెరుచుకునేట్టు గీసింది నేనే.

బస్సు దిగి పరుగెత్తి, రెండింటికి ఒక నిమిషం ముందు ఆఫీసులో పడ్డాను. అధికారిణి నా సున్నపు చొక్కా చూసి, ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగింది. కంగారులో నా జర్మన్‌కు నిజం ఒక్కటే అందింది. "జైలు నుంచి," అన్నాను.

ఆమె కలం ఆగిపోయింది. అన్నదేమిటో అప్పుడు అర్థమై, నక్షా తీసి తలకిందులుగా పరిచాను. ఆమె దాన్ని సరిగా తిప్పుకుని చాలాసేపు చూసింది.

"తలుపు బాగా గీశారు," అని ముద్ర కొట్టింది.

ఇప్పుడు నాకు వీసా దిగుళ్లు లేవు. ఏ ఆఫీసులో ఏమడిగినా జర్మన్‌లో తడుముకోకుండా, ఒకటికి నాలుగు మాటలు చుట్టి జవాబు చెప్పగలను. అడిగిందే తడవుగా నిజం చెప్పేసి బిక్కచచ్చిపోయే ఆ కుర్రాడు మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడంటే కొంచెం అసూయగా ఉంటుంది.