పాలసీదారుకు మీరేమవుతారు?

అడెలీనో ఫుర్టాడో నలభై ఒక్క సంవత్సరాలు అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో చేపలు కోశాడు. వేళ్ళు తిమ్మిరెక్కి కత్తి జారిపోవడం మొదలయ్యాక, యాభై ఎనిమిదో ఏట, ఇక చాలని ఆ పని మానేశాడు. చిన్నప్పుడు పోర్చుగల్ దేశపు సావో మిగెల్ దీవిలో నాలుగో తరగతితో ఆగిన చదువును మళ్ళీ పట్టుకున్నాడు. సాయంత్రం బడికి వెళ్ళి హైస్కూలు పరీక్ష గట్టెక్కి, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదవడానికి సీటు తెచ్చుకున్నాడు. ఇన్నాళ్ళూ పొట్టలు చీల్చి చూసిన వాటికి పేర్లేమిటో తెలుసుకోవాలని ఆయన కోరిక.

ఆ కోరిక తెలిసింది భార్య నతాలియాకు ఒక్కదానికే. నగరపు బళ్ళలో వంట చేసేది. "నువ్వు రిటైరై ఇంట్లో నా కాళ్ళకి అడ్డం పడతావా ఏంటి? పోయి చదువుకో," అనేది. ఆమె పోయి రెండేళ్ళయింది.

జూలై చివర్లో ఫీజు చీటీ వచ్చింది. అందులో విద్యార్థుల ఆరోగ్య బీమా అని ఒక వరస ఉంది. బీమా వేరే ఉన్నవాళ్ళు ఆగస్టు నెలాఖరులోగా రుజువు చూపించి మినహాయింపు అడగవచ్చని కింద రాసి ఉంది. బీమా ఉంది కదా అనుకున్నాడు అడెలీనో. నతాలియా ఉద్యోగం తాలూకు కార్డు ఆయన పర్సులోనే ఉంది. అంచులు విరిగితే టేపు వేశాడు.

ఆ ఇంట్లో కాగితాల పనంతా నతాలియాదే. ఆమె వేలు పెట్టిన చోట ఆయన సంతకం పెట్టేవాడు, అంతే. ఇప్పుడు గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు ఒక్కడూ కూర్చున్నాడు. పాలసీ ఎవరి పేరు మీద ఉందని ఫారం అడిగితే నతాలియా పేరు కొట్టాడు. ఆమె పుట్టినరోజు అడిగితే అదీ కొట్టాడు. పాలసీదారుకు మీరేమవుతారని అడిగి, మూడు మాటలు చూపించింది: స్వయంగా, భర్త లేక భార్య, సంతానం. రెండోది నొక్కాడు. ఆమె బతికి ఉందా అని ఫారం అడగలేదు. ఈయనా చెప్పలేదు.

రెండు రోజులకు తిరస్కరించినట్టు కబురొచ్చింది. పాలసీదారు వివరాలు సరిపోలేదట. మళ్ళీ నింపాడు, మళ్ళీ అదే జవాబు. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా చొక్కా ఇస్త్రీ చేసుకుని నేరుగా ఆ ఆఫీసుకే వెళ్ళాడు.

కౌంటరులో ఐవోన్ టవారిస్ అనే అమ్మాయి ఉంది. తలెత్తి చూసి మర్యాదగా చెప్పింది: "మీ పిల్లలు రాలేదాండీ? విద్యార్థి స్వయంగా రావాలి."

"వచ్చాడు తల్లీ. నీ ఎదురుగానే నిలబడ్డాడు."

ఐవోన్ నాలిక కరుచుకుంది. వెనక వరసలో పిల్లలు నవ్వారు. అడెలీనో కూడా నవ్వి కార్డు ఇచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నతాలియా గారంటే?"

"మా ఆవిడ. బళ్ళో వంట చేసేది."

"ఇప్పుడూ చేస్తున్నారా?"

ఆయన కౌంటరు చెక్క మీద బొటనవేలితో రుద్దాడు. "రెండేళ్ళయింది తల్లీ," అన్నాడు.

ఐవోన్ కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించింది. "పెద్దాయనా, ఈ రెండేళ్ళలో డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా? అక్కడన్నా చెప్పుండేవారే."

"వెళ్తే కౌంటరు దగ్గర ఇదే అడుగుతారు కదా."

ఐవోన్ కార్డు తిరిగి ఆయన చేతిలో పెట్టింది. "బీమా ఆగిపోయిందో, మీ పేరు మీదికి మారిందో నేను చూడలేను," అంది. "బళ్ళ ఉద్యోగుల బీమా నగరపాలక కార్యాలయంలో చూస్తారు, సిటీ హాల్‌కి వెళ్ళండి. ఏం తేలినా సరే, శుక్రవారం లోపు నా దగ్గరికే రండి. ఈ వరసలో నిలబడకండి, నన్ను పేరుపెట్టి పిలవండి."

ఇంటికెళ్ళి వంటింటి సొరుగు తీశాడు. అంత్యక్రియల తర్వాత వచ్చిన కవర్లన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ చింపలేదు. ఇప్పుడూ చింపడానికి చేతులు రాలేదు. అన్నిటినీ రొట్టెల సంచిలో వేసుకుని మర్నాడు కొండెక్కి సిటీ హాల్‌కి వెళ్ళాడు.

అక్కడ ఉద్యోగుల బీమా చూసే జుల్మీరా అర్రూడాది కూడా వాళ్ళ పేటే, వాళ్ళ చర్చే. సంచి చూసి, "ఏమన్నయ్యా, స్వీట్ బ్రెడ్ తెచ్చావేమో అనుకున్నాను," అంది. కవర్లు బల్లమీద పోసి ఒక్కొక్కటే కత్తిరించింది. ఏడో కవరులోంచి తళతళలాడే కార్డు జారిపడింది. దానిమీద అడెలీనో ఫుర్టాడో అని ఉంది.

"ఇదిగో నీ బీమా. ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆమె పింఛను నీకొస్తోందిగా, బీమా డబ్బు అందులోంచే పోతోంది."

"నా పేరు మీదికి ఎవరు మార్చారు? నేనేం అడగలేదే."

"నతాలియాయే అన్నీ రాసిచ్చి వెళ్ళింది. పోయే ముందు మార్చిలో, ఆ పచ్చ కోటు వేసుకుని వచ్చింది. ప్రతి లైనూ నాచేత మూడేసిసార్లు చదివించింది. 'ఆ మనిషికి కాగితాలంటే భయం జుల్మీరా, ఆయన్నేం అడక్కండి, అడిగేదేదో నన్నే ఇప్పుడే అడిగెయ్యండి' అంది. ఆ కుర్చీలోనే, నువ్వు కూర్చున్న దాంట్లోనే."

అడెలీనో కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. "మార్చిలోనా? ఓ రోజు నన్ను రావద్దని ఒక్కతే వెళ్ళింది. జుట్టు కత్తిరించుకోవడానికని చెప్పింది."

"అన్నయ్యా," అంది జుల్మీరా మెల్లగా, "మార్చి నాటికి ఆమెకి జుట్టెక్కడిది?"

మందుల దెబ్బకి ఫిబ్రవరిలోనే జుట్టంతా రాలిపోయింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తలకి రుమాలు కట్టింది ఆయనే. అయినా ఆ రోజు సరే వెళ్ళిరమ్మని తలుపు తీశాడు.

"నేను నమ్మాను చూడు," అన్నాడు. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే తిరగబడి ఏడుపైంది. జుల్మీరా లేచి తలుపు దగ్గరగా వేసింది. తన కళ్ళు కూడా తుడుచుకుని, పాలు ఎక్కువ పోసిన కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. అది తాగి ముగించేదాకా ఆయన్ని లేవనివ్వలేదు.

శుక్రవారం పొద్దున ఐవోన్ పేరు పెట్టి పిలిచాడు. ఆమె కంప్యూటర్ తెర ఆయనవైపు తిప్పింది. పేరు, నంబరు తనే కొట్టుకున్నాడు. సంబంధం అడిగిన చోట ఆగాడు.

"ఇక్కడ స్వయంగా అని పెట్టాలేమో కదూ?"

"అవును పెద్దాయనా."

"భర్త అని ఇంకెక్కడా రాయక్కర్లేదా?"

ఐవోన్ కుర్చీ ఆయనవైపు తిప్పుకుంది. "ఇక్కడ అక్కర్లేదు. ఇది ఉత్త బీమా ఫారమే," అంది.

ఆయన తలూపి మొదటి మాట నొక్కాడు. పాత కార్డు పారేస్తారా అని ఆమె అడగలేదు. ఆయన దాన్ని పర్సులో కొత్తదాని వెనక పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే మినహాయింపు ఇచ్చినట్టు కబురు వచ్చింది. సోమవారం డాక్టరుకి ఫోన్ చేసి, చేతులు చూపించుకోవడానికి రోజు ఖాయం చేసుకున్నాడు.

సెప్టెంబరులో మొదటి క్లాసుకి అరగంట ముందే వెళ్ళాడు. పక్కన కూర్చున్న అమ్మాయి ఆయన పుస్తకాలు చూసి, టీచరు కాదని ధైర్యం తెచ్చుకుని, "అంకుల్, మీకు బీమా మినహాయింపు దొరికిందా? నా ఫారం రెండుసార్లు తిప్పి పంపారు," అంది.

"కార్డు ఎవరి పేరు మీదుంది?"

"మా సవతి తండ్రి పేరు మీద. ఆయనకి నేనేమవుతానో ఆ మూడింట్లో లేదు."

"ఉంది, ఉంది. సంతానమే. కార్డు ఇలా తే, చూద్దాం. గడువు దాటినా అక్కడ ఐవోన్ అని ఓ మంచి పిల్ల ఉంది, మాట్లాడదాం," అంటూ ఆయన కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. కార్డు వెనకవైపు అక్షరాలు మరీ సన్నం. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి నంబర్లు చదువుతూ ఉంటే టీచరు ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు. "ఆ మూల మాటలాపండి," అని వినబడేసరికి ఇద్దరూ చటుక్కున తల వంచారు.

ఆయన డిగ్రీకి ఆరేళ్ళు పట్టింది. గణాంకశాస్త్రం రెండుసార్లు తప్పాడు.