వెనకగది గోడ మీద బురద గీత

మా వీధిలో అందరూ ఆమెను రేపమ్మ అనే పిలిచేవారు. బట్టలు కుట్టేది. ఎవరు ఎప్పుడు వచ్చి అడిగినా "రేపు ఇచ్చేస్తానండీ" అనడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. ఒక పెళ్ళికొడుక్కి, అతను తండ్రయ్యాక గానీ పెళ్ళి చొక్కా అందలేదని ఎవరో పుట్టించారు. అది పచ్చి అబద్ధం. పెళ్ళయిన మూడోరోజే ఇచ్చేసింది.

పక్కిల్లు ఆమె పెద్ద ఆడపడుచుది. ఆవిడ చేతిలో చీపురు లేకుండా చూసినవాళ్ళు తక్కువ.

ఒకరోజు పొద్దున పదింటికి భూమి కంపించింది. కాసేపటికి తీరాన సునామీ సైరను మోగింది. వీధంతా కొండ వైపు పరుగెడుతుంటే రేపమ్మ మాత్రం మిషను ముందు నుంచి లేవలేదు.

"ఈ ఒక్క అంచూ అయిపోనీ వదినా, వచ్చేస్తా."

"అంచూ లేదు, గించూ లేదు, లే!" అంటూ ఆడపడుచు రెక్క పుచ్చుకుని లాగింది. చేతిలో కత్తెర చేతిలోనే ఉండగా రేపమ్మ కొండెక్కింది. అరగంటకు సముద్రం వీధిలోకి వచ్చింది. సామాన్లు పోయాయి గానీ మనుషులందరూ మిగిలారు.

తర్వాత మూడు వారాలు ఊరంతా కడగడమే పని. ఆడపడుచు తన గోడలు మూడుసార్లు కడిగి, సున్నం కూడా వేయించింది. రేపమ్మ ముందుగది కడిగి, వెనకగది తలుపు దగ్గరగా వేసి ఊరుకుంది.

"ఆ బురద ఎప్పుడు వదిలిస్తావే?"

"చూద్దాంలే వదినా."

అప్పుడు వచ్చారు సర్వేవాళ్ళు. రబ్బరు బూట్లు వేసుకున్న ఒక ఇంజనీరమ్మ, పొడుగాటి కొలకర్ర మోసుకుంటూ ఒక పెద్దాయన. సునామీ నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో తీరం వెంబడి కొలుస్తున్నారు. బయటి గోడల మీది మరకలను వాన తుడిచేసింది, లోపలివాటిని మా వాళ్ళు తుడిచేశారు. ఇక మిగిలింది నోటిమాట. కిరాణా కొట్టాయన ఏకంగా స్టూలెక్కి చెయ్యెత్తి చూపించాడు.

"మీ పక్కవాళ్ళు ఇంకా కిందికి చూపించారే?" అంది ఇంజనీరమ్మ.

"వాళ్ళు పొట్టివాళ్ళమ్మా!"

ఇంజనీరమ్మ నిట్టూర్చింది. ఆడపడుచు జాలిపడి, "మా వీధిలో మరకలుండవమ్మా, శుభ్రమైన వీధి. మా మరదలొక్కతే, ఇంకా గోడ కడగని మహాతల్లి" అంది.

"ఆ గోడ ఎక్కడ?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

వెనకగదిలో నాలుగు గోడల చుట్టూ, దారం పట్టి గీసినట్టు, బురద గీత తిన్నగా ఉంది. ఇంజనీరమ్మ ముఖం వెలిగిపోయింది. "బయట నీళ్ళు ఎగిరి చిమ్ముతాయి, మరక ఉన్నదానికంటే ఎత్తుగా పడుతుంది. ఇలాంటి గదిలోనైతే కదలకుండా నిలుస్తాయి. తీరం మొత్తంలో ఇంత మంచి గుర్తు మాకు దొరకలేదు."

అక్కడి నుంచి సముద్రం దాకా మెట్టు మెట్టుగా కొలుచుకుంటూ వెళ్ళేసరికి సాయంత్రమైంది. ఆటుపోట్ల తేడా కూడా సరిచూసి, సముద్రమట్టానికి నాలుగు మీటర్ల ముప్పై సెంటీమీటర్ల ఎత్తు అని రాసుకున్నారు.

ఫోటో కోసం పెద్దాయన రేపమ్మను గోడకు ఆనుకుని నిలబడమన్నాడు. గీత ఆమె నడినెత్తికి జానెడు పైన ఉంది.

సర్వేవాళ్ళు వెళ్ళాక ఆడపడుచు మెల్లిగా అడిగింది. "బద్ధకం కాదు కదూ?"

"రోజూ గుడ్డ తడుపుకునే వెళ్ళేదాన్ని వదినా. ఆ గీత చూస్తే చెయ్యి ఆడేది కాదు. నువ్వు లాక్కెళ్ళకపోతే..."

"చాల్లే. సగం బద్ధకమే" అని ముక్కు తుడుచుకుంటూ ఆవిడ తన ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మాత్రం, ఎవరూ చెయ్యి వేయకుండా ఆ గోడకు ఆవిడే కాపలా.

రెండేళ్ళకు కొత్త బడి కట్టారు. కింద ఉత్త స్తంభాలు, గదులన్నీ పైన. పిల్లల బట్టలకు కొలతలు తీసుకోవడానికి వెళ్ళిన రేపమ్మకు మధ్యలోనే ఆయాసం వచ్చింది.

"ఇన్ని మెట్లు ఎవరు పెట్టమన్నారండీ?"

"మీ వెనకగది గోడేనమ్మా" అంది పైనుంచి హెడ్‌మిస్ట్రెస్.

రేపమ్మ ఆ మెట్టు మీదే కూర్చుని, మంచినీళ్ళు తెప్పించుకుని తాగి, మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.